సీ లైబ్రరీకి వేరు కాపురం దేనికి?

సొంతంగా ఒక ఆపరేటింగ్ సిస్టం తయారు చేసుకునే ప్రతి బృందంలోనూ ఏదో ఒక రోజు ఈ తకరారు లేస్తుంది. సీ లైబ్రరీని మనమే రాసుకుందామా, లేక నలుగురూ వాడుతున్న ముష్తరకా లైబ్రరీని తెచ్చుకుందామా? నా ఫైసలా ముందే చెప్పేస్తాను. తెచ్చుకోవాలి. సొంతది రాసుకోవటం షాగిర్దుకు మంచి మష్క్. నేర్చుకునేందుకు అంతకంటే మంచి పాఠం లేదు. కానీ జనం చేతికి ఇచ్చే సిస్టంలో ఆ మష్క్ నోటుబుక్కును పెట్టకూడదు.

"మేమేమన్నా ఆపరేటింగ్ సిస్టం రాస్తున్నామా, మాకెందుకు ఈ బహస్?" అని మీరు అడగవచ్చు. ఎందుకంటే మీ ఇంట్లో ఇంజనీరింగ్ చదివే బేటా, బేటీ ఉన్నారు. ఓపెన్ సోర్స్ పని చెయ్యాలని వాళ్లకు షౌక్ ఉంది. వాళ్ల మెహనత్ ఎక్కడ ఖర్చు కావాలో మనమూ ఆలోచించాలి. రెండో సంగతి, మన ఉర్దూ పేర్ల జాబితా కంప్యూటర్లో ఏ వరుసలో వస్తుందో తేల్చేది చాలా చోట్ల ఈ సీ లైబ్రరీయే. దాని గురించి కింద చెబుతాను. అది చదివాక ఇది మన మసలా కాదని మీరు అనరు.

ముందు సీ లైబ్రరీ అంటే ఏమిటో చూద్దాం. కెర్నల్ అంటే యంత్రం మీద సర్వాధికారి, హాకిమ్. ప్రోగ్రాములు మాటిమాటికీ నేరుగా హాకిమ్ దగ్గరకు పోవు. మధ్యలో ఒక మున్షీ ఉంటాడు. దరఖాస్తును సరైన నమూనాలో రాసేది, లోపలికి పంపేది, జవాబు తెచ్చి ఇచ్చేది ఆ మున్షీ. ఆయన పేరే సీ లైబ్రరీ. ఫైలు తెరవాలన్నా, మెమరీ కావాలన్నా, తారీఖు చెప్పాలన్నా, వెబ్‌సైటు పేరును బట్టి దాని చిరునామా వెతకాలన్నా ఆయనే. పోజిక్స్ అనే ప్రమాణం ప్రకారం మున్షీకి అప్పజెప్పిన పనులు వెయ్యికి పైనే ఉన్నాయి. సీ భాషలో రాయని ప్రోగ్రాములు కూడా ఎక్కువ భాగం చివరికి ఈ మున్షీ గుమ్మం తొక్కాల్సిందే.

ముష్తరకా అనే మాటకు ఇక్కడ రెండు అర్థాలున్నాయి. ఒకటి, అనేక ఆపరేటింగ్ సిస్టంలు ఒకే లైబ్రరీ సోర్సును పంచుకోవటం. రెండు, ఒక యంత్రంలోని ప్రోగ్రాములన్నీ డిస్కు మీద ఉన్న ఒకే లైబ్రరీ ఫైలును పంచుకోవటం. నేను రెండింటికీ వకాలత్ చేస్తున్నాను. ముఖ్యంగా మొదటిదానికి.

ఇక అవతలి వారి దలీళ్లను ఒక్కొక్కటిగా తీసుకుందాం. నేను విన్నవాటిలో గట్టివి నాలుగు.

మొదటి దలీల్: "లైబ్రరీ ఇంకొకరిదైతే మన పహచాన్ పోతుంది."

దీనికి జవాబు మినిక్స్. ఆమ్‌స్టర్‌డామ్ వ్రైయె యూనివర్సిటీ ఉస్తాద్ ఆండ్రూ టానెన్‌బామ్ పిల్లలకు పాఠం చెప్పేందుకు మొదలుపెట్టిన సిస్టం అది. దాని పహచాన్ ఎక్కడుంది? చిన్న కెర్నల్‌లో. డ్రైవర్లను కెర్నల్ బయట పెట్టి, ఒక డ్రైవరు కూలిపోతే దాన్ని మళ్లీ లేపి నడిపించటంలో. పాత సొంత లైబ్రరీతో ఆ హునర్ అంతా ఉండేది, కానీ బయట రాసిన ప్రోగ్రాములు దాని మీద ఎక్కేవి కావు. ప్రతిదానికీ మరమ్మతు చెయ్యాల్సి వచ్చేది. 2012లో వచ్చిన మినిక్స్ 3.2.0లో సొంత సీ లైబ్రరీని పక్కన పెట్టి నెట్‌బీఎస్‌డీ వాళ్ల లైబ్రరీని తెచ్చుకున్నారు. నెట్‌బీఎస్‌డీ వాళ్ల పాకేజీల ఖజానాకు దారి సాఫీ అయ్యింది. చిన్న కెర్నల్ చిన్న కెర్నల్‌గానే ఉంది. డ్రైవర్లు బయటే ఉన్నాయి. పహచాన్‌కు ఒక్క గీత కూడా పడలేదు.

"మరి మినిక్స్ 3.3.0 తరువాత, అంటే 2014 తరువాత కొత్త రిలీజ్ రాలేదు కదా" అని కొందరు ఎత్తి చూపుతారు. నిజమే. టానెన్‌బామ్ అదే సంవత్సరం రిటైరయ్యారు. పనిచేసే చేతులు తగ్గాయి. చేతులు తక్కువున్న ఇంట్లో వెయ్యి పనుల లైబ్రరీని కూడా సొంతంగా మోయాలని చెప్పటం ఏ రకం ఇంసాఫ్? ఈ ఉదాహరణ నా వైపే గవాహీ ఇస్తుంది.

మహల్లా పెళ్లిళ్లకు కమిటీ దగ్గర పెద్ద దేగ్‌లు ఉంటాయి. అందరూ వాటిలోనే వండుతారు. అయినా ఒక ఇంటి బిర్యానీ ఇంకో ఇంటి బిర్యానీలా ఉండదు. మా దేగ్ మేమే పోత పోసుకుంటే తప్ప మా రుచి రాదని ఎవరైనా అంటే నవ్వుతాం. పహచాన్ చేతిలో ఉంటుంది, గిన్నెలో కాదు.

రెండో దలీల్: "అందరిదీ ఒకే లైబ్రరీ అయితే, ఒక్క కంత పడితే అందరి ఇళ్లూ దోచుకుపోతారు."

ఇది వట్టి మాట కాదు. 2015 జనవరిలో ఘోస్ట్ అనే లోపం బయటపడింది. లినక్స్ ప్రపంచంలో ఎక్కువమంది వాడే గ్లిబ్‌సీ లైబ్రరీలో, పేరును బట్టి చిరునామా వెతికే పనిలో ఆ కంత ఉంది. 2000 సంవత్సరంలో వచ్చిన 2.2 వెర్షన్ నుంచీ ఉంది. 2013లో ఎవరో సరిచేశారు, కానీ అది దొంగలకు దారి ఇచ్చే కంత అని అప్పుడు గుర్తుపట్టలేదు. అందుకే పాత వెర్షన్ల మీద నడిచే సర్వర్లకు ఆ మరమ్మతు చేరలేదు. లెక్కలేనన్ని యంత్రాలు ఖతరాలో పడ్డాయి.

ఇప్పుడు న్యాయంగా ఆలోచించండి. పద్నాలుగేళ్లు వేలమంది కళ్ల ముందు ఉన్న కోడులోనే అలాంటి కంత దాగి ఉంటే, ఐదుగురు రాసి ఆ ఐదుగురే చదివే కోడులో ఎన్ని ఉంటాయి? వాటిని తనిఖీ చేసేవాడు ఎవరు? సొంత లైబ్రరీలో కంతలు లేవని కాదు, వెతికే మనిషి లేడని అర్థం. పైగా ఘోస్ట్ బయటపడిన రోజున ముష్తరకా లైబ్రరీ వాడేవారు చెయ్యాల్సిన పని ఒక్క పాకేజీ మార్చి, సర్వీసులను మళ్లీ మొదలుపెట్టటం. లైబ్రరీని ప్రతి ప్రోగ్రాములోనూ విడివిడిగా కలిపి కుట్టేసుకున్నవారు ఆ ప్రోగ్రాములన్నిటినీ మళ్లీ తయారు చేసుకోవాల్సి వచ్చింది. ఒక చోట కుడితే అందరికీ నయమయ్యే ఫాయిదా ఇది.

ఇంకో ముక్క కూడా చెప్పాలి. డెబియన్ వాళ్లు అప్పట్లో గ్లిబ్‌సీ నుంచి చీలిన ఈగ్లిబ్‌సీ వాడుతున్నారు. వాళ్లూ ఘోస్ట్‌కు మరమ్మతు చేసుకోక తప్పలేదు. వేరు కాపురం పెట్టినా ఇంటి నుంచి తెచ్చుకున్న సామానులో చెదలు కూడా వస్తాయి.

మూడో దలీల్: "ముష్తరకా లైబ్రరీ పెద్దమనుషులు మన మాట వినరు."

నాలుగింటిలో నేను అన్నిటికంటే ఇజ్జత్ ఇచ్చే దలీల్ ఇదే. వినని రోజులు ఉన్నాయి. ఓపెన్‌బీఎస్‌డీ వాళ్లు 1998లో స్ట్రింగులను హద్దు దాటకుండా నకలు చేసే ఎస్‌టీఆర్‌ఎల్‌సీపీవై అనే చిన్న ఫంక్షన్ తెచ్చారు. మిగతా బీఎస్‌డీలు తీసుకున్నాయి, ఆండ్రాయిడ్ తీసుకుంది. గ్లిబ్‌సీ పెద్దలు మాత్రం ససేమిరా అన్నారు. చివరికి అది గ్లిబ్‌సీలో చేరింది 2023 ఆగస్టులో, 2.38 వెర్షన్‌లో. పాతికేళ్లు. ఈ మధ్యలో ఎన్నో ప్రోగ్రాములు ఆ ఫంక్షన్‌ను తమ తమ సంచుల్లో మోసుకు తిరిగాయి. ఈ జిద్దును నేను సమర్థించను. పెద్దరికం అంటే తలుపు మూసుకోవటం కాదు.

అయితే దీనికి ఇలాజ్ ఏమిటి? ఎవరి గూడు వారు కట్టుకోవటమా? తారీఖ్ ఏం చెబుతుందో చూడండి.

1990ల మొదట్లో లినక్స్ వాళ్లు గ్లిబ్‌సీ ఆలస్యమవుతోందని, దాన్ని చీల్చి తమ సొంత లిబ్‌సీ నడుపుకున్నారు. నాలుగు, ఐదు అని వెర్షన్లు పెట్టుకుంటూ పోయారు. కొంతకాలం పని జోరుగా సాగింది. తరువాత అవతల గ్లిబ్‌సీ ముందుకు పోయింది. 1997 జనవరిలో 2.0 వచ్చేసరికి ప్రమాణాలు, థ్రెడ్లు, వేరువేరు ప్రాసెసర్లు అన్నిటిలో అదే మెరుగు. తిరిగి కలుద్దామంటే ఇంకో చిక్కు. చీలిన లైబ్రరీలో ఏ లైను ఎవరు రాశారో పక్కా హిసాబ్ పెట్టుకోలేదు. హక్కుల దస్తావేజులు లేనిదే గ్లిబ్‌సీ వాళ్లు ఆ మెహనత్‌ను తీసుకోలేరు. చీలికలో పోసిన చెమటలో చాలా భాగం అలా మట్టిపాలయ్యింది. 1997 డిసెంబరులో రెడ్‌హ్యాట్ 5.0, 1998 జులైలో డెబియన్ 2.0 గ్లిబ్‌సీకి మారాయి. ఇవాళ్టికీ లినక్స్ కంప్యూటర్లో ఆ ఫైలు పేరు లిబ్‌సీ డాట్ ఎస్‌ఓ డాట్ 6. ఆరు ఎందుకు? చీలిన కాపురంలో ఐదు దాకా వెళ్లి, ఉమ్మడి ఇంటికి తిరిగొచ్చారు కాబట్టి. ఆ అంకె ఒక రాజీనామా పత్రం. రాజీ కుదిరిందని చెప్పే పత్రం.

అదే కథ మళ్లీ జరిగింది. 2009లో డెబియన్ వాళ్లు గ్లిబ్‌సీ పెద్దల తీరుతో విసిగి ఈగ్లిబ్‌సీకి వెళ్లారు. చిన్న యంత్రాలకు, వేరే ప్రాసెసర్లకు కావలసిన మార్పులను అక్కడ తీసుకునేవారు. కానీ వాళ్లు కొత్తగా ఒక లైబ్రరీ రాయలేదు. అసలుకు దగ్గరగా, తక్కువ తేడాలతో, తిరిగి కలవటానికి వీలుగా నడిపారు. 2012లో గ్లిబ్‌సీ పాత స్టీరింగ్ కమిటీ రద్దయింది. పని నడిపే పద్ధతి మారింది, తలుపులు తెరుచుకున్నాయి. 2014లో డెబియన్ తిరిగి వచ్చేసింది. అలగటం కూడా ఒక హక్కే. ఓపెన్ సోర్స్‌లో ఆ హక్కును లైసెన్సే ఇస్తుంది. కానీ తిరిగి వచ్చే దారి కోసుకుని అలగకూడదు. పెద్దల జిద్దుకు ఇలాజ్ పంచాయితీని బాగు చెయ్యటం. ఊరు వదిలి పోవటం కాదు.

నాలుగో దలీల్: "గ్లిబ్‌సీ బరువు. మాది చిన్న సిస్టం."

బరువైతే తేలికైన ముష్తరకా లైబ్రరీ తెచ్చుకోండి. ఆల్పైన్ లినక్స్ అదే చేసింది. 2014 జూన్‌లో 3.0 వెర్షన్‌తో మస్ల్ అనే చిన్న లైబ్రరీకి మారింది. సొంతది రాయలేదు, ఇంకో ఉమ్మడి ఇంట్లో చేరింది. ఇవాళ సర్వర్లలో కంటెయినర్లు నడిపేవారికి ఆల్పైన్ పేరు తెలియకుండా ఉండదు.

కానీ అక్కడ కూడా ఖర్చు ఎంత ఉందో లెక్క చూడండి. గ్లిబ్‌సీ కోసం తయారైన ప్రోగ్రాము ఆల్పైన్ మీద నేరుగా నడవదు. పైథాన్ వాళ్లు లినక్స్ కోసం సిద్ధం చేసి పెట్టిన పాకేజీలు ఏళ్ల తరబడి ఆల్పైన్‌కు పనికిరాలేదు. ప్రతిదీ అక్కడికక్కడ కంపైల్ చేసుకోవాల్సిందే. మస్ల్ కోసం వేరే పాకేజీ పద్ధతిని పైథాన్ 2021లో ఒప్పుకుంది. పెద్ద డీఎన్‌ఎస్ జవాబులను టీసీపీ దారిలో మళ్లీ అడిగి తెచ్చుకునే సదుపాయం మస్ల్‌లోకి 2023లో 1.2.4 వెర్షన్‌తో వచ్చింది. మస్ల్ రాసినవారు ఆషామాషీ మనుషులు కారు. చాలా శుభ్రమైన కోడు అది, అనేక సిస్టంలు వాడే లైబ్రరీ. దానికే లోకంతో సర్దుకోవటానికి ఇన్నేళ్లు పట్టింది. మరి మీరు నలుగురు రాసే మూడో లైబ్రరీకి ఎన్నేళ్లు?

ఇప్పుడు మన సంగతికి వస్తాను.

ఉర్దూ అక్షరాల్లో పే, టే, చే, గాఫ్ లాంటివి అరబీలో లేవు. యూనికోడ్‌లో అరబీ అక్షరాలకు ముందు నంబర్లు ఇచ్చారు, ఈ అదనపు అక్షరాలకు తరువాతి నంబర్లు ఇచ్చారు. నంబరును బట్టి వరుస పెడితే ఏమవుతుంది? పాషా అనే పేరు నూర్ తరువాత, వహీద్ తరువాత వస్తుంది. గౌహర్ కూడా అంతే. మక్తబ్‌లో అలిఫ్, బే, పే, తే చదివిన ఏ పిల్లవాడైనా ఇది గలత్ అంటాడు. సరైన వరుస కావాలంటే లైబ్రరీలో భాషల తర్తీబు తెలిసిన పట్టికలు ఉండాలి. గ్లిబ్‌సీలో అవి ఉన్నాయి. తెలుగుకు, ఇండియా ఉర్దూకు, పాకిస్తాన్ ఉర్దూకు వేరువేరు లొకేల్ ఫైళ్లు ఉన్నాయి. వారాల పేర్లు, నెలల పేర్లు, తారీఖు రాసే పద్ధతి వాటిలో ఉంటాయి. మస్ల్‌లో ఈ భాగం చాలా పలచన. అక్కడ వరుస అంటే నంబరు వరుసే.

ఇందులో ఎవరి దురుద్దేశమూ లేదు. చేతులు తక్కువున్న చోట ఇంగ్లీషు పని ముందు పూర్తవుతుంది, మిగతా భాషలు "తరువాత చూద్దాం" అనే ఖాతాలో పడతాయి. ఆ తరువాత అనేది రాదు. సొంత లైబ్రరీ రాసే ప్రతి కొత్త బృందమూ ఆ ఖాతాను మళ్లీ మొదటి నుంచి తెరుస్తుంది. అంటే పాషా ప్రతి కొత్త ఇంట్లోనూ మళ్లీ వరుస చివరికి పోతాడు. సీ-డాక్ వాళ్ల బాస్ లినక్స్, హైదరాబాద్ స్వేచ్ఛ వాళ్ల తెలుగు సిస్టం లాంటివి వరుస పట్టికలు రాయటంతో మొదలుపెట్టాల్సిన అవసరం లేకపోయింది. ఉమ్మడి పునాది మీద కట్టారు కాబట్టి తమ మెహనత్‌ను తర్జుమా మీద, ఫాంట్ల మీద పెట్టగలిగారు.

ఉమ్మడిలో నుక్సాన్ లేదని నేను అనను. 2018లో గ్లిబ్‌సీ 2.28 ఈ వరుస పట్టికలను ఒకేసారి కొత్త ప్రమాణానికి మార్చింది. పాత వరుసలో కట్టుకున్న పోస్ట్‌గ్రెస్ డేటాబేసుల ఇండెక్సులు చాలా చోట్ల చెడిపోయాయి, మళ్లీ కట్టుకోవాల్సి వచ్చింది. కానీ ఆ దెబ్బ అందరికీ తగిలింది కాబట్టి అందరూ కలిసి కారణం పట్టుకున్నారు, ఇలాజ్ రాసి పెట్టారు. ఒంటరి ఇంట్లో తగిలిన దెబ్బకు హకీమ్ కూడా మీరే.

కాలం సంగతీ అంతే. మొరాకో దేశం రంజాన్ నెలలో గడియారాన్ని ఒక గంట వెనక్కి తిప్పుకుంటుంది. చాంద్ లెక్కతో కదిలే నెల కనుక ఏటా తారీఖులు మారతాయి. 2023 మార్చిలో లెబనాన్ ప్రభుత్వం రంజాన్ పేరు మీద గడియారం మార్పును వాయిదా వేసి, గొడవ అయ్యాక కొద్ది రోజుల్లోనే ఆ మాట వెనక్కి తీసుకుంది. ప్రపంచమంతా వాడే ఉమ్మడి టైమ్‌జోన్ పట్టికలో ఆ వాయిదా ఒక వెర్షన్‌గా, దాని రద్దు ఇంకో వెర్షన్‌గా వెంటనే ఎక్కాయి. ఆర్థర్ డేవిడ్ ఓల్సన్ 1980లలో మొదలుపెట్టిన పట్టిక అది. ఇవాళ బద్ధశత్రువుల్లా పోట్లాడుకునే సిస్టంలు కూడా దాన్నే చదువుతాయి. టైమ్‌జోన్ పట్టిక మేమే సొంతంగా రాస్తామని ఎవరూ అనరు. లైబ్రరీ దగ్గరకు వచ్చేసరికి ఆ అఖల్ ఎక్కడికి పోతుంది?

ఒక న్యాయమైన ఎతరాజ్ మిగిలింది. ఓపెన్‌బీఎస్‌డీ లాంటి చోట కెర్నల్, లైబ్రరీ ఒకే శరీరం. అక్కడ కెర్నల్‌కు దరఖాస్తు లైబ్రరీ ద్వారానే రావాలని గట్టి కట్టుబాటు పెట్టారు. గో భాష వాళ్లు కూడా దానికి తలవంచి తమ పద్ధతి మార్చుకున్నారు. అలాంటి సిస్టం బయటి లైబ్రరీని యథాతథంగా ఎలా తెచ్చుకుంటుంది? తెచ్చుకోనక్కర్లేదు. కెర్నల్‌ను తాకే కింది అంతస్తు మీ సొంతం చేసుకోండి. స్ట్రింగులు, గణితం, తారీఖులు, వరుసలు ఉండే పై అంతస్తును ఉమ్మడిగా ఉంచండి. ఆండ్రాయిడ్ వాళ్ల బయోనిక్ లైబ్రరీ సోర్సు తెరిచి చూడండి. ఓపెన్‌బీఎస్‌డీ నుంచి, నెట్‌బీఎస్‌డీ నుంచి, ఫ్రీబీఎస్‌డీ నుంచి తెచ్చినవి అని పేర్లు రాసి పెట్టిన ఫోల్డర్లే ఉన్నాయి. సన్ కంపెనీ 1993లో ఇచ్చిన గణిత కోడు ఫ్రీబీఎస్‌డీలో, మస్ల్‌లో, బయోనిక్‌లో ఇప్పటికీ పనిచేస్తోంది. గూగుల్ అంతటి దౌలత్‌మంద్ కంపెనీ అడిగి తెచ్చుకోవటానికి సిగ్గుపడలేదు. మనకేం సిగ్గు?

కాబట్టి ఈ పనిలోకి దిగే మన పిల్లలకు నా షరతులు ఇవి.

1. ముష్తరకా లైబ్రరీతోనే మొదలుపెట్టండి. గ్లిబ్‌సీ, మస్ల్, బీఎస్‌డీ లైబ్రరీల్లో మీ అవసరానికి సరిపోయేది ఎంచుకోండి. లైసెన్సు ముందే చదవండి. గ్లిబ్‌సీది ఎల్‌జీపీఎల్, మస్ల్‌ది ఎంఐటీ. రెండింటి షరతులూ వేరు.

2. మీరు చేసిన మరమ్మతును మీ ఇంట్లోనే దాచుకోకండి, మూల లైబ్రరీకి పంపండి. కాదంటే మళ్లీ అడగండి. దలీల్‌తో అడగండి.

3. ఏ లైను ఎవరు రాశారో హిసాబ్ రాసి పెట్టండి. 1990ల లినక్స్ లైబ్రరీ గతి చూశారు కదా.

4. అలిగి చీలాల్సి వస్తే డెబియన్‌లా చీలండి. తేడా తక్కువ ఉంచుకుని, తిరిగొచ్చే దారి తెరిచి ఉంచుకోండి.

5. మిగిలిన మెహనత్‌ను ఎవరూ చెయ్యని పని మీద పెట్టండి. తెలుగు, ఉర్దూ లొకేల్ ఫైళ్లను తెరిచి, తప్పులు వెతికి, దిద్ది పంపండి. ఆ ఫైలు దిద్దటానికి కెర్నల్ తెలియనక్కర్లేదు. మీ అమ్మీకి వచ్చిన ఉర్దూ, మీకు వచ్చిన తెలుగు చాలు.

ముష్తరకా ఆస్తి అంటే ఎవరిదీ కాని ఆస్తి అనుకోవటం మనకు అలవాటు. అందుకే ఉమ్మడి బావి పూడిపోతుంది, ఇంటింటికీ బోరు పడుతుంది, కొన్నాళ్లకు నీళ్లు ఎవరికీ ఉండవు. సీ లైబ్రరీ కూడా అలాంటి బావే. దాన్ని తోడుకునే హక్కు అందరికీ ఉంది. పూడిక తీసే జిమ్మేదారీ కూడా అందరిదీ. మన పిల్లలు ఆ రెండో పనికి ముందుకు రావాలని నా గుజారిష్.